పొట్టి సిస్టర్ పీట

గుండె ఆగిన మనిషి దగ్గరికి పరుగెత్తి వెళ్ళగానే ముందు ఏం చూడాలి సిస్టర్ అని కొత్తగా ఉద్యోగంలో చేరిన అమ్మాయిలు నన్ను అడుగుతుంటారు. నాడి చూడాలి, ఊపిరి చూడాలి అని చెబుతానని వాళ్ళ ఆశ. అవి మీ పుస్తకాల్లో ఉన్నాయి, చదువుకునే వచ్చారు. మీ కాళ్ళెక్కడున్నాయో చూసుకోండి అంటాను నేను. మొదట నవ్వుతారు. వార్డులో కొన్నాళ్ళు గడిచాక నవ్వరు.

నేను నర్సుగా రిటైరై ఏడాది దాటింది, అయినా ఆ పిల్లలు వచ్చి అడుగుతూనే ఉంటారు. కొత్తగూడెం, భద్రాచలం, ఆ రెండింటి మధ్య రోడ్డు పొడవునా ఉన్న దవాఖానాల్లోనే నా ఉద్యోగమంతా గడిచింది. వాటి పేర్లు రాయను. రాస్తే బాగున్న మాటలన్నీ తమ గురించేనని ఒకరు, బాగులేని మాటలు తమ మీద ఎందుకు రాశావని ఇంకొకరు ఫోన్ చేస్తారు. నాకు ప్రమోషన్ ఎప్పుడు వచ్చింది, ఎవరు అడ్డం పడ్డారు అనేదీ రాయను. అది మా ఆయనకు ఇప్పటికే కంఠతా వచ్చు, మీకు అక్కర్లేదు. ఒక్క సంగతే రాస్తాను. ఛాతీ మీద నొక్కే మనిషి తన ఒంటిని ఎక్కడ పెట్టుకోవాలి అన్నది.

దీని మీద నాకింత పట్టుదల ఎందుకంటే నేను పొట్టి. సర్వీసు కాగితాల్లో అయిదడుగులని రాశారు గానీ, రాసిన గుమాస్తా దయగల మనిషి. పొడుగ్గా పుట్టి ఉంటే ఈ విషయం నాకు జీవితంలో తట్టేది కాదు.

బొమ్మ నేల మీద, మనిషి మంచం మీద

సీపీఆర్, అంటే ఈ ఛాతీ నొక్కడం, దాని ట్రైనింగ్ నర్సు పిల్లలు మీరందరూ తీసుకున్నారు. హాల్లో చాప పరుస్తారు, చాప మీద రబ్బరు బొమ్మను పడుకోబెడతారు. మీరు మోకాళ్ళ మీద కూర్చుంటారు. భుజాలు చేతుల మీదికి వాటంతటవే వస్తాయి, మోచేతులు నిటారుగా నిలబడతాయి, ఒంటి బరువంతా అరచేతుల్లోకి దిగుతుంది. సార్ శెభాష్ అంటారు. ఫోటో తీసుకుంటారు, సర్టిఫికెట్ ఇస్తారు, ఉప్మా పెడతారు.

మర్నాడు వార్డుకు వస్తే మనిషి మంచం మీద ఉంటాడు. ఆ ఇనప మంచం నాలాంటి దానికి నడుము దాటి ఉంటుంది. దాని మీద మెత్తటి పరుపు, పరుపు మీద పేషెంటు. అంత ఎత్తున ఉన్న ఛాతీని నేల మీద నిలబడి నొక్కాలంటే భుజాలు పైకి రావు, వెనకే ఉండిపోతాయి. మోచేతులు వంగుతాయి. చేతుల్లో ఉన్న బలంతోనే నొక్కాలి. చపాతీ పిండి పిసికినట్టు ఉంటుంది, మనిషికి ఏమీ కాదు. కాసేపటికే మన నడుము విరిగిపోతుంది, మన ఊపిరి మనకే అందదు.

చేతిపంపు కొట్టి నీళ్ళు మోసిన వాళ్ళకు ఈ పాఠం చెప్పనక్కర్లేదు. చిన్నప్పుడు మా వాడలో పంపు హ్యాండిలు నా తల కంటే పైకి పోయేది. చేతులతో లాగితే అది కదిలేది కాదు. ఒళ్ళంతా దాని మీద వేసి వేలాడితే బుడబుడమని నీళ్ళు వచ్చేవి. ఛాతీ నొక్కడమూ అంతే. బలం చేతులది కాదు, ఒంటి బరువుది. ఆ బరువు కిందికి దిగాలంటే మీరు పైన ఉండాలి.

అందుకని మంచం దించే వీలుంటే దించండి. మీరు నిలబడితే పేషెంటు ఛాతీ మీ తొడల ఎత్తుకు రావాలి. తల వైపు ఎత్తి ఉంటే చదును చెయ్యండి. మంచం చక్రాలకు బ్రేకు వేశారో లేదో చూడండి. నేనొకసారి నొక్కుతూ నొక్కుతూ మంచాన్ని గోడ దాకా తోసుకుపోయాను. వీపు కింద చెక్క పెట్టండి, లేకపోతే మీ కష్టమంతా పరుపు పాలవుతుంది. కాళ్ళు ఎడంగా పెట్టి, మీ తొడలు మంచానికి ఆనేంత దగ్గరికి జరగండి. దూరంగా నిలబడి వంగడం మనకున్న పెద్ద జబ్బు. పేషెంటంటే భయమో, మర్యాదో, సిగ్గో గానీ అందరూ మూరెడు దూరంలో ఆగిపోతారు. దగ్గరికి జరగండి, దగ్గరికి జరగండి అని అరిచి అరిచి నా గొంతు ఇట్లా బొంగురుపోయింది.

పీట పుట్టిన విధం

నాకు ఈ సంగతి చెప్పింది డాక్టర్ మురళి గారు. మధిర వైపు మనిషి, కొబ్బరి చెట్టంత పొడుగు, కోపం తక్కువ, వెటకారం ఎక్కువ. ఒకసారి నేను చెమటలు కక్కుతూ నొక్కుతుంటే పక్కన నిలబడి చూసి, తర్వాత తీరిగ్గా అన్నారు.

"సుగుణగారూ, మీరు ఎంత కష్టపడినా అది పరుపుకే అందుతోందండీ. పేషెంటు దాకా రావట్లేదు."

నాకు ఒళ్ళు మండింది. నా చేతుల్లో బలం లేదంటున్నారా అన్నాను. బలం కాదు, ఎత్తు లేదు, దానికి మీరేం చెయ్యలేరు గానీ ఒక పీట చెయ్యించవచ్చు అన్నారాయన. తర్వాత నన్ను నేల మీద ఒకసారి, కుర్చీ మీద ఒకసారి నిలబెట్టి దిండును నొక్కించారు. ఆ తేడా నా నడుముకే తెలిసింది.

బొగ్గు గనిలో కప్పుకు ఆసరా పెట్టే దుంగలు కోసే వడ్రంగి ఒకాయన మా వార్డులో ఉండి నయమై వెళ్ళాడు. ఆయన సరదాపడి టేకు ముక్కలతో పీట చేసి తెచ్చాడు. దాని కాళ్ళు జారకుండా, బొగ్గు మోసే బెల్టు చిరిగిపోతే పారేసిన రబ్బరు ముక్కలు కొట్టాడు. ఏనుగు ఎక్కినా కదలదు. కాకపోతే ఆయనకు నా మీద జాలి ఎక్కువై చాలా ఎత్తుగా చేశాడు. మొదటిసారి ఎక్కి వంగితే దాదాపు పేషెంటు మీద పడ్డాను. మరీ ఎత్తుగా ఉంటే నడుము దగ్గర మడత పడిపోతాం, నొక్కాక చేతులు తేలిక చెయ్యలేం, ఛాతీ మళ్ళీ పైకి లేవదు. అది లేస్తేనే గుండెలోకి రక్తం వస్తుంది. మళ్ళీ ఆయన్నే పిలిపించి కాళ్ళు కోయించాం. కోస్తున్నంతసేపూ ఆయన నన్ను పైనుంచి కిందికి చూస్తూ, ఇంతేనా సిస్టరమ్మా నువ్వు అని తెగ బాధపడ్డాడు.

అప్పటి నుంచి దానికి వార్డులో పొట్టి సిస్టర్ పీట అని పేరు. నా ముందు ఎవరూ అనేవారు కాదు. నేను అటు తిరగగానే అందరూ అదే పేరుతో అడిగేవారు.

రాజమ్మ సిస్టర్

మా హెడ్ సిస్టర్ రాజమ్మకు ఆ పీటంటే పడేది కాదు. వార్డు శుభ్రంగా, ఖాళీగా, అద్దంలా ఉండాలని ఆమె పంతం. రౌండ్లకు వచ్చినప్పుడు రెండుసార్లు కాలికి తగిలింది. దానికి తోడు పీట ఒక చోట ఉంటే కదా. దాని మీద కూర్చుని చుట్టాలు టిఫిన్ డబ్బాలు విప్పేవారు. ఆయమ్మ దానిమీదెక్కి బూజు దులిపేది. సెలైన్ స్టాండు పొట్టిదైతే దాని కింద పెట్టేవారు. ఒకరోజు చూస్తే పీటకు గొలుసు వేసి కిటికీ ఊచకు కట్టి తాళం వేసింది, తాళంచెవి ఆమె బొడ్డులో ఉంది. పీట పోదు కదా ఇక అంది.

పోదు, పేషెంటు పోతాడు అన్నాను. వారం పాటు ఇద్దరం మాట్లాడుకోలేదు. మురళి గారు మధ్యలో పడి గొలుసు తీయించారు. ప్రతి డ్యూటీ మొదట్లో పీట తలుపు పక్క మంచం కింద ఉందో లేదో చూడాలని ఆమే రూలు పెట్టింది. ఓడిపోయినా రూలు మాత్రం తనదే కావాలి రాజమ్మకు.

ఆమెను తిట్టుకున్నాను గానీ, పనికొచ్చే మాటలు ఆమె దగ్గరే నేర్చుకున్నాను. మాది తెల్ల చీరల కాలం. పరుగెత్తేటప్పుడే కొంగు దోపుకో, జడ ముడి వేసుకో, గాజులు పైకి తోసుకో, చెప్పులు అక్కడే వదిలెయ్ అనేది. జారే చెప్పులతో పీట ఎక్కి పడ్డ పిల్లల్ని చూశాక ఆమె మాట విలువ తెలిసింది. బాస్ ఒక విషయంలో తప్పు అయినంత మాత్రాన మిగతా వాటిలో వినడం మానకండి. నేను చాలా ఆలస్యంగా వినడం మొదలుపెట్టాను.

కింద పెట్టడం

ఏన్కూరు వైపు నుంచి ఒక రైతును తీసుకొచ్చారు. కాస్త తేరుకున్నాడు, బాత్‌రూముకు నడిచి వెళ్ళాడు, తలుపు దగ్గరే కూలిపోయాడు. నేను అక్కడే నేల మీద మోకాళ్ళేసి మొదలుపెట్టాను. నిజం చెప్పాలంటే నాలాంటి వాళ్ళకు అంతకంటే మంచి చోటు లేదు. గట్టి నేల, కావలసినంత ఎత్తు, పరుపు గొడవ లేదు.

కానీ ఆయన వాళ్ళు అటు వచ్చి చూసి ఒక్కసారిగా శోకాలు మొదలుపెట్టారు. మన ఊళ్ళలో ప్రాణం పోయేటప్పుడు మనిషిని మంచం మీది నుంచి కిందికి దింపుతారు కదా. కింద ఉన్న మనిషిని చూడగానే, డాక్టర్లు ఆశ వదిలేసి కిందికి దింపారనుకున్నారు వాళ్ళు. నలుగురు మగవాళ్ళు వచ్చి, నా చేతులు ఆయన ఛాతీ మీద ఉండగానే, ఎత్తి మంచం మీదికి తీసుకుపోయారు. మా వార్డు మనుషులూ ఒక చెయ్యి వేశారు, వాళ్ళకూ అదే మర్యాద అనిపించింది. ఎత్తడం, సర్దడం, పరుపు మీద పెట్టడం, ఆ కాస్తసేపూ నొక్కడం ఆగే ఉంది.

ఆయన బతకలేదు. ఎత్తకపోతే బతికేవాడని నేను చెప్పను, అది నాకు తెలియదు. ఆ ఇంటి వాళ్ళ మీద నాకు కోపమూ లేదు. కానీ ఆ రోజు నుంచి ఒక అలవాటు చేసుకున్నాను. మోకాళ్ళు నేలకు ఆనించేలోపే, అక్కడున్న వాళ్ళలో ఒక పెద్దమనిషి ముఖం చూసి గట్టిగా చెబుతాను. ఇది ఆ దింపడం కాదు, గట్టి నేల మీద గుండె బాగా అందుతుంది, ఎవరూ ఎత్తకండి అని. ఒక్కరికి అర్థమైతే చాలు, మిగతా వాళ్ళను ఆ ఒక్కరే ఆపుతారు. ఈ మాట ఏ ట్రైనింగులోనూ చెప్పరు, ఎందుకంటే రబ్బరు బొమ్మకు చుట్టాలుండరు.

దండాలు

స్వరూప అనే పిల్ల మా వార్డులో నర్సుగా చేరిన కొత్తలో ఒక ముసలాయనకు గుండె ఆగింది. గోడ వైపు మంచం, పీట పెట్టే సందు లేదు. అట్లాంటప్పుడు చెప్పులు వదిలి మంచం మీదికే ఎక్కి, పేషెంటు పక్కన మోకాళ్ళ మీద నిలవాలి. స్వరూప చక్కగా ఎక్కింది, చక్కగా మొదలుపెట్టింది. ఇంతలో ఆమె పాదం ఆయన చేతికి తగిలింది. టక్కున ఆగి, ఆ చేతిని తాకి కళ్ళకద్దుకుంది. మళ్ళీ మొదలుపెట్టింది. మళ్ళీ తగిలింది. మళ్ళీ ఆగింది, మళ్ళీ కళ్ళకద్దుకుంది.

"స్వరూపా, దణ్ణాలన్నీ ఆయన లేచాక ఒకేసారి పెట్టుకుందువుగానీ, ముందు నొక్కమ్మా" అన్నారు మురళి గారు.

ఆయన లేచాడు. మర్నాడు స్వరూప పోయి నిజంగానే ఆయన కాళ్ళకు దండం పెట్టింది. ఎందుకు పెడుతోందో ఆయనకు తెలియదు, జల్దీ పెళ్ళి కావాలని దీవించాడు. పిల్ల సిగ్గుతో చచ్చిపోయింది. మేము వారం రోజులు నవ్వుకున్నాం.

నవ్వామే గానీ నాకు ఆ పిల్ల మీద గౌరవం కలిగింది. అది చేతకాక ఆగలేదు. పుట్టినప్పటి నుంచి కాలు తగలకూడదని పెంచిన ఒళ్ళు అది. నొక్కడం నేర్పిన మనం, ఆ ఒంటికి ఇది తప్పు కాదని నేర్పలేదు. ఇదంతా నేను పెద్ద తెలిసినదానిలా అనుకున్నాను. నా దాకా వస్తుందని అనుకోలేదు.

మా మామ

మా అత్తగారిది చండ్రుగొండ దగ్గర పల్లె. పత్తి, మిర్చి వేసే ఇల్లు. మా ఆయన గనిలో ఫిట్టరు కాబట్టి మేము కొత్తగూడెం క్వార్టర్లలో ఉండేవాళ్ళం, పండగలకు పబ్బాలకు పల్లెకు వెళ్ళేవాళ్ళం. మా మామ పెద్దగా కోప్పడే మనిషి కాదు, అసలు పెద్దగా మాట్లాడే మనిషే కాదు. వసారాలో నులక మంచం మీద కూర్చునేవాడు. ఆయన అక్కడుంటే కోడళ్ళం ముగ్గురం దర్వాజా పక్కన నిలబడే మాట్లాడేవాళ్ళం. మంచం మీద కూర్చోవడం కాదు, మంచం అంచు పట్టుకోవడం కూడా లేదు. ఎవరూ కూర్చోవద్దని అనలేదు, ఎవరూ కూర్చోలేదు. ఊళ్ళో సగం మందికి సూదులిచ్చిన దాన్ని, మా మామకు జ్వరమొచ్చినప్పుడు మాత్రం చెయ్యి ముందుకు చాచి, దూరం నుంచి వంగి ఇచ్చాను.

బతుకమ్మ రోజులు. మధ్యాహ్నం పూట మామ, అత్తమ్మ బస్సులో మా దవాఖానాకు వచ్చారు. గ్యాసు పట్టిందన్నాడు మామ. ముఖం చూస్తే అది గ్యాసు కాదని తెలిసింది. ఈసీజీ తీశారు. మురళి గారు మందులు ఇచ్చి, ఖమ్మం పంపాలి, అంబులెన్సు వస్తోంది, అప్పటిదాకా నా వార్డులోనే ఉంచండి అని చెప్పి ఓపీకి వెళ్ళారు.

తలుపు పక్క మంచం మీద, తల వైపు ఎత్తి పడుకోబెట్టాను. నేను అక్కడ కూడా మంచానికి కాస్త ఎడంగానే నిలబడ్డాను, చూడండి. పత్తి ఏరే కూలీలు రేపొస్తారు, ఎప్పుడు పంపుతారు అని మామ అత్తమ్మను అడుగుతున్నాడు, నాకు వినపడాలని. మాట మధ్యలో ఆగింది. కళ్ళు పైకి తిరిగాయి. మెడ దగ్గర వేళ్ళు పెట్టి చూశాను, ఏమీ లేదు.

స్వరూపను డాక్టరు గారి కోసం, షాక్ మిషన్ కోసం పరుగెత్తించాను. తల వైపు హ్యాండిల్ తిప్పి చదును చేశాను. చెక్క వీపు కిందికి తోశాను. బ్రేకు వేసే ఉంది. చెప్పులు వదిలి, మంచం కింద పీట కోసం చెయ్యి పెట్టాను.

పీట లేదు.

ఎక్కడుందో నాకు వెంటనే తెలిసిపోయింది. దవాఖానా ముందు ఆయమ్మలు, సిస్టర్లు కలిసి తంగేడు, గునుగు, బంతి పూలతో బతుకమ్మ పేరుస్తున్నారు. అంత పెద్ద బతుకమ్మ కదలకుండా నిలవాలంటే దవాఖానా మొత్తం మీద గట్టి పీట ఒక్కటే ఉంది. పొద్దున డ్యూటీకి వచ్చినప్పుడు నేను చూశాను, అప్పుడు మంచం కిందే ఉంది.

నేల మీద నిలబడి నొక్కితే నా బరువు మామ దాకా చేరదని నాకు తెలుసు. కిందికి దింపుదామంటే అంత మనిషిని నేనూ అత్తమ్మా దింపలేం. నా చూపు నేల మీదికి పోవడం అత్తమ్మ చూసింది.

"కిందికి దింపకు బిడ్డా" అంది.

ఇక మిగిలింది మంచమే. మోకాలు మంచం మీద పెట్టాను. అంతే, వెనక నుంచి కొంగు లాగినట్టయింది. అత్తమ్మ చెయ్యి. కోపంతో పట్టుకోలేదు, ఆలోచించీ పట్టుకోలేదు. స్వరూప ఆగినట్టే ఆ చెయ్యి దానంతటదే వచ్చింది. నేను వెనక్కి తిరిగి చూశాను. అప్పుడు ఆమె కొంగు వదిలేసి, అదే చేత్తో నా నడుము కింద ఊతమిచ్చింది. తర్వాత గోడ వైపు తిరిగింది.

"ఎక్కు. నేను చూస్తలేను" అంది.

ఎక్కాను. మామ పక్కన మోకాళ్ళు ఆనించి, రెండు చేతులూ ఆయన ఛాతీ మీద పెట్టి, భుజాలు పైకి తెచ్చి నొక్కాను. పైకి లెక్కపెడుతున్నాను, లోపల మామా మామా అనుకుంటున్నాను. ఏడుపు ఆగలేదు, కన్నీళ్ళు ఆయన బనియను మీద పడుతున్నాయి. చేతులు మాత్రం వాటి పని అవి చేశాయి. నా జీవితంలో అంత సరిగ్గా నేనెప్పుడూ నొక్కలేదు. ఆ మాట చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు.

మురళి గారు మిషన్‌తో వచ్చారు. సుగుణగారూ దిగండి అన్నారు. ఇది గుర్తుంచుకోండి, షాక్ ఇచ్చేటప్పుడు మంచం మీద ఎవరూ ఉండకూడదు, మంచాన్ని తాకకూడదు కూడా. దిగాను. షాక్ ఇచ్చారు. మళ్ళీ ఎక్కాను. నా చేతులు అలిసిపోయాక స్వరూప ఎక్కింది. ఎక్కేటప్పుడు ఆమె పాదం మామ చేతికి గట్టిగానే తగిలింది. ఆ పిల్ల ఆగలేదు, చూడను కూడా చూడలేదు. మళ్ళీ షాక్ ఇచ్చారు. కాసేపటికి మామ మూలిగాడు, చేత్తో స్వరూపను తోసెయ్యబోయాడు. నాడి దొరికింది.

సరిగ్గా అప్పుడు రాజమ్మ సిస్టర్ పీట ఎత్తుకుని పరుగెత్తుకొచ్చింది. దానికి ఇంకా తంగేడు పూలు అంటుకునే ఉన్నాయి, దారి పొడవునా రాలాయి. పీటను బతుకమ్మకు ఇచ్చింది ఆమేనట. గొలుసేసి తాళం వేసిన మనిషి, పండగ అనగానే తనే తీసిచ్చింది. మామ ఛాతీ లేచి పడుతుండడం చూసి, ఆ పీట కింద పెట్టి దాని మీదే కూర్చుని ఏడ్చింది. నేను ఆమెను ఏమీ అనలేదు. అప్పుడు అనడానికి నాలో ఊపిరి లేదు, తర్వాత అనాలనిపించలేదు.

ఖమ్మంలో స్టెంటు వేశారు. మామ తేరుకున్నాడు గానీ ఛాతీ ఎముకలు నొప్పి. ఎవడు నొక్కిండే గిట్ల అని అత్తమ్మను అడిగితే, డాక్టరు అని చెప్పిందట. పొడుగు డాక్టరే కదా, ఆ చేతులు గట్టివి అని మామ అందరికీ చెప్పుకున్నాడు. మేము ఊరుకున్నాం. అత్తమ్మ చూడలేదు, నేను చెప్పలేదు, మాకది బాగానే ఉంది.

మళ్ళీ చూపించుకోవడానికి వచ్చినప్పుడు మామ మురళి గారికి చేతులు జోడించాడు. ఆయన ఊరుకోవచ్చు కదా. నేను కాదండీ, నేను వచ్చేసరికే మీ కోడలు మంచం మీదికెక్కి నొక్కుతోంది, ఆవిడ నేల మీద నిలబడి ఉంటే మీరు ఇక్కడ ఉండేవారు కాదు అన్నారు. నేను మందుల చీటీ చూస్తున్నట్టు తల దించుకున్నాను. మామ జోడించిన చేతులు దించేశాడు. బస్సెక్కేదాకా నా వైపు చూడలేదు. ఇంటికి పోయాక కూడా ఎవరితోనూ సరిగ్గా మాట్లాడటం లేదని మా ఆయన చెప్పాడు.

నాకు దిగులు పట్టుకుంది. మనిషిని దక్కించుకున్నాను, ఆ ఇంట్లో నా చోటు పోగొట్టుకున్నానా అనిపించింది. నేను చేసింది తప్పని ఒక్క క్షణం కూడా అనుకోలేదు. కానీ మామ ముందుకు ఏ ముఖం పెట్టుకుని పోవాలో తెలియలేదు. ఆ నెల మందులు మా ఆయన చేతే పంపించాను. పై నెల అత్తమ్మ ఫోన్ చేసి, మందులు నువ్వే తేవాలంట, మీ మామ చెప్పమన్నడు అంది. ఎందుకో చెప్పలేదు.

వెళ్ళాను. మామ వసారాలో నులక మంచం మీద ఉన్నాడు. తోటికోడళ్ళిద్దరూ దర్వాజా పక్కన నిలబడి ఉన్నారు. నేనూ వాళ్ళ పక్కన నా చోట్లో నిలబడి, ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో దూరం నుంచే చెప్పడం మొదలుపెట్టాను. మామ సగం విని చెయ్యి ఎత్తాడు. కాళ్ళు ముడుచుకుని, మంచం మీద చోటు చేసి, అరచేత్తో తట్టాడు.

"కూసో" అన్నాడు.

నేను కదల్లేదు. అత్తమ్మ లోపలి నుంచి వచ్చి చూస్తోంది, ఈసారి గోడ వైపు తిరగలేదు.

"అప్పుడు ఎక్కినవ్ కదా బిడ్డా. ఇప్పుడు కూసునేందుకేంది?"

వెళ్ళి మంచం చివర, నులక తగిలీ తగలనట్టు కూర్చున్నాను. మామ నన్ను తేరిపార చూశాడు. ఆయన అంతసేపు నా వైపు చూడటం అదే మొదటిసారి.

"గట్ల అంచు మీద కూసుంటే నడుం పడ్తది. జర దగ్గరికి జరుగు" అన్నాడు.

జరిగాను.